గాలి చేరకూడని చోటు

ఊపిరితిత్తి తనంతట తాను విప్పారి ఉండదు. రబ్బరులా సాగే కణజాలం అది, వదిలేస్తే ముడుచుకుపోవాలనే చూస్తుంది. చుట్టూ ఉన్న ఛాతీ గోడేమో బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. రెండూ చెరోవైపు లాగుతుంటే మధ్యలో నిలబడింది మన ఊపిరి. ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఒక పల్చటి పొర, ఛాతీ గోడ లోపలివైపు మరో పొర ఉంటాయి. వైద్యులు వీటిని ప్లూరా అంటారు. వాటి నడుమ ఉండేది కొద్ది చెంచాల ద్రవం మాత్రమే. రెండు గాజు పలకల్ని తడిపి ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. పక్కకి సులువుగా జారతాయి, విడదీయబోతే ఓ పట్టాన రావు. ప్లూరా పొరలూ అంతే. ఆ సన్నటి సందులో పీడనం బయటి గాలి కన్నా తక్కువ. ఆ తేడా సుమారు 5 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు కలిగించే పీడనమంత. అంత కొద్ది తేడాతోనే జీవితాంతం ఊపిరితిత్తులు తెరుచుకుని ఉంటాయి.

అక్కడికి గాలి చొరబడితే ఆ పట్టు సడలిపోతుంది, ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. దీన్ని న్యుమోథొరాక్స్ అంటారు. 1803లో ఇటార్ అనే ఫ్రెంచి వైద్యుడు పెట్టిన పేరది. స్టెతస్కోపు కనిపెట్టిన లెనెక్ 1819లో దీని లక్షణాలను వివరంగా రాశాడు. పొడవుగా, బక్కపల్చగా ఉండే కుర్రవాళ్ళకీ పొగతాగేవాళ్ళకీ ఏ దెబ్బా తగలకుండానే ఇది రావచ్చు. ప్రమాదంలో పక్కటెముక విరిగి గుచ్చుకున్నా రావచ్చు. నేనిక్కడ రాస్తున్నది మూడో దారి గురించి. వైద్యం చేస్తుండగా, ఆ వైద్యం వల్లనే వచ్చేదాని గురించి.

ఊపిరితిత్తి ఎంతవరకూ ఉంటుందో చాలామందికి తెలియదు. దాని కొన మెడ కింది కాలర్ ఎముకను దాటి, రెండు మూడు సెంటీమీటర్లు పైకి వస్తుంది. ఐసీయూలో సెంట్రల్ లైన్, అంటే మందులు ఎక్కించడానికి పెద్ద సిరలోకి పంపే సన్నటి గొట్టం, వేయాలంటే ఆ ఎముక కిందుగా పోయే పెద్ద సిర ఒక మంచి దారి. మంచం తలవైపు కాస్త దించుతారు. ఎముక కింద సూది గుచ్చి, సిరంజిని వెనక్కి లాగుతూ, మెల్లగా లోపలికి పోనిస్తారు. నల్లటి రక్తం సిరంజిలోకి వస్తే సిర దొరికినట్టు. రక్తానికి బదులు గాలి బుడగలు వస్తే సూది ఊపిరితిత్తిని తాకిందేమోనని అనుమానించాలి. సిరకీ ప్లూరాకీ మధ్య ఉన్న దూరం మిల్లీమీటర్లలోనే మరి. అలాంటప్పుడు ఆ దారి మానేయొచ్చు కదా అనిపిస్తుంది. 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఛాతీలో గొట్టం వేయాల్సినంత న్యుమోథొరాక్స్ ఈ దారిలో 1.5 శాతం సార్లు, మెడ సిర దారిలో 0.5 శాతం సార్లు వచ్చింది. అదే అధ్యయనంలో రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్ రావడం మాత్రం కాలర్ ఎముక కింది దారిలోనే తక్కువ. ఏ రోగికి ఏ దారి అన్నది పక్కన నిలబడ్డ డాక్టరు తేల్చుకోవాల్సిందే.

ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీసేటప్పుడు కూడా సూది ప్లూరా గుండానే వెళ్ళాలి. అల్ట్రాసౌండులో నీరు ఎక్కడుందో కళ్ళారా చూసి గుచ్చితే ఈ ముప్పు బాగా తగ్గుతుంది. వేళ్ళతో తట్టి అంచనా వేసి గుచ్చే పద్ధతికి, మెషిను అందుబాటులో ఉన్న చోట, ఇక చోటు ఉండకూడదని నా అభిప్రాయం. ఊపిరితిత్తిలోని గడ్డ నుంచి సూదితో ముక్క తీసే బయాప్సీ సంగతి వేరు. అక్కడ ఊపిరితిత్తిని పొడవక తప్పదు. నలుగురైదుగురిలో ఒకరికి ఎంతో కొంత గాలి చేరుతుంది, అందులో గొట్టం దాకా వెళ్ళేది కొద్దిమందే. ఇవికాక పేస్‌మేకర్ పెట్టేటప్పుడు, భుజం దగ్గర నరానికి మత్తు ఇచ్చేటప్పుడు, చివరికి ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబు దారి తప్పి శ్వాసనాళంలోకి పోయినా ఇది జరగవచ్చు.

అన్నిటికన్నా భయపెట్టేది వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి వచ్చినప్పుడు. మనం గాలిని లోపలికి లాక్కుంటాం, వెంటిలేటర్ తోస్తుంది. జబ్బుతో బిగుసుకుపోయిన ఊపిరితిత్తిలో గాలి వెళ్ళగలిగే భాగం కొంచెమే మిగులుతుంది, తోసిన గాలంతా ఆ కొంచెం మీదే పడుతుంది. శరీరం ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకి 12 మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చే శ్వాసను 6కి తగ్గిస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని అమెరికాలో జరిగి 2000లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఇక అలాంటి ఊపిరితిత్తికి చిల్లు పడితే ప్రతి శ్వాసకీ గాలి బయటికి వస్తుంది, తిరిగి వెళ్ళే దారి ఉండదు. లోపల పీడనం పెరిగి గుండెను అవతలి పక్కకి నెడుతుంది, గుండెకి చేరాల్సిన రక్తం ఆగిపోతుంది. మత్తులో ఉన్న రోగి ఊపిరాడటం లేదని చెప్పలేడు. వెంటిలేటర్ అలారం మోగుతుంది, బీపీ పడిపోతుంది, ఆక్సిజన్ దిగిపోతుంది. అప్పుడు ఎక్స్‌రే కోసం ఎదురుచూడకూడదు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి వదలాలి.

సూది తగలడం ప్రతిసారీ ఒకరి అజాగ్రత్త కాదు, జాగ్రత్తగా చేసే చేతుల్లోనూ జరుగుతుంది. నాకు క్షమించడం కష్టమనిపించేది ఆ తర్వాత చూడకపోవడం. వెల్లకిలా పడుకున్న రోగిలో గాలి ముందువైపు పరుచుకుంటుంది, ఎక్స్‌రేలో దొరక్కుండా పోవచ్చు. అల్ట్రాసౌండు ప్రోబు ఛాతీ మీద పెడితే తెరమీద ప్లూరా ఒక మెరిసే గీతలా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే ప్రతి ఊపిరికీ ఆ గీత చీమల బారులా అటూ ఇటూ కదులుతుంది. మధ్యలో గాలి ఉంటే కదలిక ఆగిపోతుంది. ఈ సంగతి మొదట 1986లో గుర్రాల్లో గమనించారు. మనుషుల్లో వాడకం ఆ తర్వాతే మొదలైంది.

కొద్దిగా చేరిన గాలిని చాలాసార్లు శరీరమే పీల్చుకుంటుంది, రోజుకి ఒకటి రెండు శాతం చొప్పున. ఆక్సిజన్ పెడితే రక్తంలో నైట్రోజన్ తగ్గుతుంది, అక్కడ చిక్కుకున్న గాలిలోని నైట్రోజన్ త్వరగా రక్తంలోకి వస్తుంది. ఇలా గాలి ఇంకిపోవడమే ఒకప్పటి క్షయ వైద్యులకి చిక్కుగా ఉండేది. ఇటలీకి చెందిన ఫోర్లనీని 1882లో, ఊపిరితిత్తిని కావాలనే ముడిచి విశ్రాంతినిస్తే క్షయ తగ్గుతుందని ప్రతిపాదించాడు. దశాబ్దాలపాటు ప్రపంచమంతటా అలా సూదితో గాలి ఎక్కించారు. అది ఇంకిపోతుంటే వారాల తేడాతో మళ్ళీ మళ్ళీ నింపేవారు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఆ పద్ధతి మెల్లగా కనుమరుగైంది.

ఛాతీకి సంబంధించిన ఇలాంటి ప్రక్రియ ఏదైనా చేయించుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. మొదటి ఎక్స్‌రే బాగానే ఉన్నా, కొన్ని గంటల తర్వాత గాలి చేరవచ్చు. ఊపిరి పీల్చినప్పుడు ఒకవైపు పొడిచినట్టు నొప్పి, ఆయాసం, ఆగని పొడిదగ్గు ఉంటే వెంటనే చెప్పండి, మొహమాటపడొద్దు. డాక్టరు సరేననేదాకా విమానం ఎక్కొద్దు. పైకి వెళ్ళేకొద్దీ చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది.

గాలి ఎక్కువైతే గొట్టం వేస్తారు. దాని రెండో కొస మంచం కింద పెట్టిన సీసాలో నీటి లోపల మునిగి ఉంటుంది. గాలి బయటికి రాగలదు, నీటిని దాటి తిరిగి లోపలికి పోలేదు. సీసాను ఛాతీ కన్నా పైకి ఎత్తకూడదు, ఎత్తితే ఆ నీళ్ళు లోపలికి పోవచ్చు. మొదట్లో దగ్గినప్పుడల్లా బుడగలు వస్తాయి, ఊపిరితో పాటు గొట్టంలో నీటిమట్టం పైకీ కిందికీ ఆడుతుంది. రోజులు గడిచేకొద్దీ బుడగలు తగ్గుతాయి, ఆ ఆట కూడా నెమ్మదిస్తుంది. గొట్టం మూసుకుపోలేదని చూసుకుని ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తి గోడ దాకా విచ్చుకుని కనిపిస్తే, రోగిని ఊపిరి బిగబట్టమని చెప్పి, ఒక్క లాగుతో గొట్టం తీసి కుట్టు బిగిస్తారు.