జీపు ఎక్కినంత తేలిగ్గా ఒళ్ళు ఎక్కదు: ఓహోస్ దెల్ సలాదో అపోహలు - వాస్తవాలు

చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ఉన్న ఈ కొండకు మనవాళ్ళ జట్లను తీసుకెళ్తుంటాను. నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే ఉంటాయి: "అన్నా, జీపు 5,800 మీటర్ల దాకా వెళ్తుందట కదా? ఇక మిగిలేది వెయ్యి మీటర్లే. రెండు వారాలు దేనికి, వారంలో కొట్టేద్దాం." 2023 డిసెంబరులో పోర్షే కారు ఇదే కొండ మీద 6,734 మీటర్ల దాకా ఎక్కిందిగా, అప్పట్నుంచీ ఈ గోల ఇంకా పెరిగింది.

అపోహ: జీపు ఎంత పైకి వెళ్తే మనకంత లాభం.

వాస్తవం: ఈ కొండ మీద మనుషుల్ని దెబ్బతీసేదే ఆ జీపు. శిఖరం 6,893 మీటర్లు. కింద కోపియాపో ఊరు 400 మీటర్లు కూడా ఉండదు. పొద్దున అక్కడ టిఫిన్ చేసి బండెక్కితే చీకటి పడేలోపు 4,300 దాటి లగూనా వెర్దే సరస్సు దగ్గర దిగొచ్చు. బండి దింపేస్తుంది సరే, ఒళ్ళు? గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే, తగ్గేది గాలి పీడనం. 5,500 దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగం. దానికి అలవాటు పడడానికి ఒంటికి రోజులు పడుతుంది. అందుకే 3,700 దగ్గర లగూనా సాంటా రోసాలో (మొదటి రాత్రికి అదీ ఎక్కువే) రెండు మూడు రాత్రులు ఆపుతాం. ఆపైన పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచం, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి. పగలు పైకెళ్ళి రాత్రికి దిగొస్తాం. కూర్చోబెట్టి డబ్బులు గుంజుతున్నారని గొణిగేవాళ్ళుంటారు. గొణగనివ్వండి.

ఒకబ్బాయి మారథాన్లు పరిగెత్తేవాడు. అలిపిరి 3,550 మెట్లు గంటన్నరలో ఎక్కేస్తానన్నాడు, అబద్ధం కాదు. 5,200 దగ్గరున్న అటకామా మజిలీలో రాత్రి తిండి వద్దన్నాడు. తలనొప్పి సంగతి దాచాడు. పొద్దున బూటు లేసు కట్టుకుంటున్నాడు. కడుతూనే ఉన్నాడు. ముడి వేస్తాడు, అది జారిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి. లేపి, మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమన్నాను. మూడో అడుగుకే నా మీద పడ్డాడు. ఎత్తు పడక మెదడు వాపు మొదలైంది. వాపు తగ్గించే మందు డెక్సామెథాసోన్ ఇచ్చి, అదే జీపులో కిందికి దించేశాం. సాంటా రోసాకి వచ్చేసరికి మనిషి తేరుకున్నాడు. "రేపు మళ్ళీ వెళ్దామా అన్నా?" అన్నాడు. తిట్టాను. తర్వాత నాకే బాధేసింది. అప్పు చేసి వచ్చాడట, ఉత్త చేతుల్తో ఇంటికెళ్ళడం నామోషీ అనుకున్నాడు.

చెబితే దింపేస్తారని టెన్షన్ పడకండి. తలనొప్పి మొదట్లోనే చెబితే చాలామందికి అక్కడే ఒక రోజు ఆగితే తగ్గుతుంది, మర్నాడు పైకీ వెళ్తారు. దాచినవాళ్ళనే దించాల్సి వస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎత్తు పడడానికి వేసుకునే మాత్ర డయామాక్స్ జబ్బు లక్షణాల్ని దాచేస్తుందన్నది పుకారు. అది అలవాటు పడడాన్ని త్వరపెడుతుంది. దాచేది డెక్సామెథాసోన్, దాన్ని మింగి పైకెక్కడం ఆత్మహత్యే. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టరును అడగందే డయామాక్స్ ముట్టొద్దు. ఊపిరాడడానికి కర్పూరం వాసన చూస్తారు కొందరు, హాయిగా ఉంటుంది, అంతే. కోవిడ్ తర్వాత ప్రతివాళ్ళ సంచిలో ఆక్సీమీటర్ ఒకటి. చల్లబడ్డ వేలికి పెట్టి, రక్తంలో ఆక్సిజన్ 80 శాతం అని చూసి కంగారు పడతారు. 5,000 పైన అలాంటి అంకె వింతేమీ కాదు, మనిషి నడకా మాటా ఎలా ఉన్నాయో చూడాలి. ఎడారి కదా మంచుండదు అనుకుని క్రాంపాన్లు (బూట్లకు తగిలించే ఇనుప ముళ్ళు) వదిలేసి రావొద్దు, పైన గడ్డకట్టిన మంచు దాటాలి, చివర తాడు పట్టుకుని రాళ్ళెక్కాలి. ఇంకోటి, దక్షిణ అమెరికాలో అన్నిటికన్నా ఎత్తయిన అకాంకాగువా అగ్నిపర్వతం కాదు. ప్రపంచంలో ఎత్తయిన అగ్నిపర్వతం ఇదే.

అగ్నిపర్వతం అనగానే అమ్మలకు భయం. "బద్దలైతే ఎలా బాబూ?" శిఖరం దగ్గర ఆవిర్లు వస్తాయి గానీ, చరిత్రలో బద్దలైనట్టు రూఢిగా దాఖలా లేదని చెప్తాను. ఫోన్ కలిసినప్పుడు అది అడగొద్దమ్మా, రాత్రి అన్నం తిన్నావా అని అడగండి అంటాను.