లక్ష పౌండ్ల రికార్డు వెనక: ‘అసలు ప్రెస్సింగే వేయాలి’ అన్న పట్టు ఎక్కడ మొదలైంది?

2020లో ఒక ఏడంగుళాల రికార్డు లక్ష పౌండ్లకు చేతులు మారింది. అప్పటి మారకంలో కోటి రూపాయలకు కాస్త తక్కువ. పాట ‘డూ ఐ లవ్ యూ’. పాడింది ఫ్రాంక్ విల్సన్. అమెరికాలోని మోటౌన్ కంపెనీ 1965లో దీన్ని తన ‘సోల్’ లేబుల్ (రికార్డుల బ్రాండు) మీద ప్రెస్ చేయించి, అంటే అచ్చులో నొక్కి ప్రతులు తీయించి, బజారుకు పంపకుండానే ఆపేసింది. తయారైన ప్రతులు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. దశాబ్దాల పాటు సేకర్తల లెక్కలో నిలిచినవి రెండే రెండు. వాటిలో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడైతేనే అందరూ నోరెళ్లబెట్టారు.

ఇదే పాటను ఇవాళ ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా వినొచ్చు. మరి ఆ ప్లాస్టిక్ పళ్లేనికి అంత ధర ఎందుకు? ఇంగ్లండ్‌లో నార్తర్న్ సోల్ (1960ల అమెరికా సోల్ సంగీతంలోని వేగపు పాటలకు ఆడే క్లబ్బుల సంస్కృతి) రాత్రులు నడిపేవాళ్లలో చాలామందిది ఒకే పట్టు: డీజే వేసే ప్రతి పాటా ఆ కాలంలో వెలువడిన అసలు రికార్డు నుంచే రావాలి. పునర్ముద్రణ వేస్తే ముఖం చిట్లిస్తారు, దొంగ ప్రతి వేస్తే మళ్లీ పిలవరు. డబ్బున్నవాడే డీజే కావాలా అని కొత్త తరం గట్టిగానే నిలదీస్తోంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈ పట్టు గొప్పలకు పోయి పెట్టుకున్నది కాదు. దాని వెనక ఇరవై ఏళ్ల పోటీ, దొంగ వ్యాపారం ఉన్నాయి.

ముందుగా ఈ రికార్డులు ఎందుకు అరుదయ్యాయో చూద్దాం. 1960లలో డెట్రాయిట్, షికాగో, లాస్ ఏంజెలెస్, ఫిలడెల్ఫియాల్లో చిన్న చిన్న లేబుళ్లు వందల్లో పుట్టుకొచ్చాయి. మోటౌన్ గెలుపు చూసి అదే ఊపు, అదే తాళంతో పాటలు చేయించి, ఐదొందలో వెయ్యో ప్రతులు కొట్టించి స్థానిక రేడియోకు పంపేవారు. రేడియోవాళ్లు వేయకపోతే కథ అక్కడితో సరి. మిగిలిన సరుకు గోదాముల్లో మూలన పడేది, లేదా తుక్కు ధరకు పోయేది. వాషింగ్టన్‌లో 1960ల నడుమ కొద్దికాలమే నడిచిన ‘ష్రైన్’ లేబుల్‌నే తీసుకోండి. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత చెలరేగిన అల్లర్లలో దాని సరుకు తగలబడిపోయిందన్నది సేకర్తల్లో స్థిరపడ్డ వివరణ. కారణం ఏదైనా, ష్రైన్ రికార్డు కంటపడటం ఇప్పటికీ గగనమే.

అమెరికాలో అమ్ముడుపోని ఆ వేగపు పాటలే ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతపు మిల్లు ఊళ్లలోని కుర్రకారుకు ప్రాణమయ్యాయి. మాంచెస్టర్‌లో ‘ట్విస్టెడ్ వీల్’ 1963లో బ్రేజనోజ్ వీధిలో మొదలై, 1965లో విట్‌వర్త్ వీధికి మారి, 1971 ఆరంభం దాకా నడిచింది. శనివారం రాత్రి మొదలైతే తెల్లవార్లూ ఆటే. 1967–68 నాటికి అమెరికా సంగీతం దారి మార్చుకుని, తాళం నెమ్మదించి ఫంక్ అనే శైలి వైపు మళ్లింది. వీల్‌లో ఆడేవాళ్లకు మాత్రం 1965 నాటి ఊపే కావాలి. కొత్త విడుదలల్లో అది దొరకడం లేదు గనక, పాతవాటిలో ఎవరూ వినని పాటలను తవ్వి తీయాల్సి వచ్చింది. ఈ మలుపు పట్టుబడితే మిగతాదంతా అర్థమవుతుంది. లండన్‌లో ‘సోల్ సిటీ’ రికార్డుల దుకాణం నడిపిన డేవ్ గాడిన్, ఉత్తరాది నుంచి వచ్చే కొనుగోలుదారులు అడిగే పాటలను వేరుగా గుర్తించడానికి వాడిన మాటే ‘నార్తర్న్ సోల్’. 1970లో ‘బ్లూస్ అండ్ సోల్’ పత్రికలో ఆయన శీర్షికతో ఆ పేరు స్థిరపడింది.

వీల్ మూతపడ్డాక స్టోక్ దగ్గరి టన్‌స్టాల్‌లో ‘గోల్డెన్ టార్చ్’ 1972–73లో ఒక ఏడాది పాటు వెలిగింది. ఆ తర్వాత 1973 సెప్టెంబరు 23న ‘విగన్ కసీనో’ తలుపులు తెరిచింది. రాత్రి రెండింటికి మొదలై పొద్దున ఎనిమిదింటికి ముగిసేది. మద్యం అమ్మేవారు కాదు. తోలు అడుగుల బూట్లు చెక్క నేల మీద జారాలని టాల్కం పౌడరు చల్లుకునేవారు. ప్రతిసారీ చివర అవే మూడు పాటలు: టోబీ లెజెండ్, జిమ్మీ రాడ్‌క్లిఫ్, డీన్ ప్యారిష్ పాడినవి. 1981 డిసెంబరు 6 దాకా ఇలాగే సాగింది. అదే కాలంలో ‘బ్లాక్‌పూల్ మెక్కా’లో ఇయాన్ లెవీన్, కాలిన్ కర్టిస్ డెబ్భైల కొత్త సోల్ పాటలు వేయడం మొదలుపెట్టడంతో, పాత ఊపే కావాలన్న విగన్ అభిమానులకూ వాళ్లకూ మధ్య పెద్ద చీలిక వచ్చింది. అది వేరే కథ.

ఇన్ని క్లబ్బులు నడుస్తున్నప్పుడు జనం ఎటు వెళ్తారు? మరెక్కడా దొరకని పాట ఏ డీజే దగ్గరుంటే అటే. ఆ పాటను కాపాడుకునే ఉపాయమే ‘కవర్-అప్’. జమైకాలో పెద్ద స్పీకర్లతో రికార్డులు వేసి జనాన్ని ఆడించే సౌండ్ సిస్టమ్‌ల వాళ్లకు ఇది అంతకుముందే అలవాటు. లేబుల్ సైజుకు తెల్లకాగితం గుండ్రంగా కత్తిరించి, నడుమ రంధ్రానికి చోటు వదిలి అంటించేవారు. దాని మీద లేని గాయకుడి పేరు, లేని పాట పేరు. ఫ్రాంక్ విల్సన్ పాట కూడా ‘ఎడ్డీ ఫోస్టర్’ అన్న మారుపేరుతోనే క్లబ్బుల్లో తిరిగింది. అయితే కాగితం లేబుల్‌ను కప్పుతుంది కానీ, గాడులు ముగిసే చోట ప్లాస్టిక్ మీద ఉన్న మ్యాట్రిక్స్ నంబరును (ఆ రికార్డు అచ్చుకు ఇచ్చిన గుర్తింపు నంబరును) కప్పలేదు. రికార్డు ఒక్క నిమిషం చేతికి చిక్కిందంటే తెలిసినవాడు ఆ నంబరు చూసి గుట్టు రట్టు చేస్తాడు. అందుకే డీజేలు పెట్టెలను కంటికి రెప్పలా కాచుకునేవారు. ఇప్పుడు ఎవరికైనా అలాంటి పాత కాగితం అంటించిన రికార్డు దొరికితే దాన్ని పీకొద్దు. జిగురుతో పాటు అచ్చు కూడా ఊడి వస్తుంది.

దొరకని పాటను చేతికి తెచ్చుకునే మరో దారి ‘ఎమిడిస్క్’. అల్యూమినియం రేకు మీద లక్క లాంటి మెత్తని పూత పూసి, అందులో నేరుగా గాడులు కోసిన ఏకైక ప్రతి అది. అప్పు తెచ్చిన రికార్డునుంచో టేపునుంచో తీయించేవారు. చేతికి బరువుగా, చల్లగా తగులుతుంది. పూత మెత్తన కాబట్టి తిప్పిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. కొన్ని పదులసార్లు తిరిగేసరికి పైస్థాయి ధ్వని పోయి సర్రుమనే రొద మిగులుతుంది. ఒకరు ఎమిడిస్క్ తీయించారంటే ఆ పాట ఇంకో చేతికి చేరినట్టే. అక్కడినుంచి దొంగ ప్రెస్సింగుకు ఎంతో దూరం లేదు.

క్లబ్బులో రెండు వారాలు మోగిన పాటకు వెంటనే గిరాకీ పుట్టేది. అసలు ప్రతి ఒకటో రెండో ఉంటే అడిగేవాళ్లు వందల్లో. దొంగ వ్యాపారులు అసలు రికార్డును తిప్పి ఆ ధ్వనినే టేపులోకి ఎక్కించి, దానినుంచి కొత్త అచ్చులు చేయించి వేలల్లో కొట్టారు. లేబుల్‌ను ఫొటో తీసి అచ్చు వేశారు. కొందరైతే గాయకుడి పేరే మార్చేశారు. పాడినవాళ్లకు, రాసినవాళ్లకు చిల్లిగవ్వ ముట్టలేదు. తమ పాటకు సముద్రం అవతల వేలమంది ఆడుతున్నారన్న సంగతే చాలామందికి ఏళ్ల తరబడి తెలియలేదు. ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ పెట్టేది ఇదే. గ్లోరియా జోన్స్ ‘టెయింటెడ్ లవ్’ 1965లో ఒక రికార్డుకు రెండో వైపు పాటగా వచ్చి ఎవరి చెవికీ సోకలేదు. 1973లో డీజే రిచర్డ్ సియర్లింగ్ దాన్ని అమెరికాలో చవగ్గా కొని తెచ్చి నార్తర్న్ సోల్ క్లబ్బుల్లో నిలబెట్టాడు. 1981లో ‘సాఫ్ట్ సెల్’ బృందం అదే పాటను తిరగ పాడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకెళ్లింది.

‘అసలుదే వేయాలి’ అన్న పట్టు ఇక్కడే బిగిసింది. వెతికి, తిండి మాని డబ్బు పెట్టి తెచ్చినవాడికి గౌరవం, దొంగ ప్రతి కొని పేరు కొట్టేద్దామనుకున్నవాడికి తలుపు మూత. విగన్ మూతపడ్డాక స్టాఫర్డ్‌లోని ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’, లండన్‌లోని ‘100 క్లబ్’ ఎవరూ వినని పాటలను తవ్వి తీయడాన్నే తమ ముద్రగా చేసుకున్నాయి. 1982లో ఏస్ అనే రికార్డుల సంస్థ ‘కెంట్’ లేబుల్ మొదలుపెట్టి, హక్కుదారుల అనుమతితో, దొరికినచోట మాస్టర్ టేపుల (స్టూడియోలో చేసిన అసలు రికార్డింగుల) నుంచే పాత పాటలను వెలువరించింది. దొంగ ప్రతికీ, ఇలాంటి న్యాయమైన పునర్ముద్రణకూ మధ్య గీత గీయకపోవడం ఈ పట్టులోని లోపం. రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

అసలు రికార్డుల్లో కూడా ఏ లేబుల్ అన్నది లెక్కే. డ్యారెల్ బ్యాంక్స్ పాడిన ‘ఓపెన్ ది డోర్ టు యువర్ హార్ట్’ 1966లో బ్రిటన్‌లో ‘లండన్’ లేబుల్ మీద రాబోయింది. హక్కులు ఈఎంఐ రికార్డు కంపెనీ వారి ‘స్టేట్‌సైడ్’వని తేలడంతో వెనక్కి తీసుకున్నారు. స్టేట్‌సైడ్ ప్రతి కొనగలిగిన ధరకే దొరుకుతుంది. అమ్మకానికని తయారైన లండన్ ప్రతి 2014లో 14,543 పౌండ్లు పలికింది. పాట ఒకటే, తేడా అంతా లేబుల్ కాగితంలో ఉంది.

ఇక కొనేవాళ్లు చూడాల్సినవి. రికార్డును దీపం వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని, చివరి గాడికీ లేబుల్‌కూ నడుమ ఉన్న ఖాళీ జాగా చూడాలి. లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్ కర్మాగారం ప్రతుల్లో చిన్న త్రికోణం, పక్కన అంకెలు ఉంటాయి. మిషిగన్‌లోని ఒవోసో కర్మాగారం ప్రతుల మీద ‘ఏఆర్‌పీ’ ముద్ర కనిపిస్తుంది. యంత్రపు ముద్ర ఉండాల్సిన చోట చేత్తో గీకిన అంకెలుంటే అనుమానించాలి. అయితే అసలు ప్రతుల మీద కూడా చేతిరాత నంబర్లు బోలెడు ఉంటాయి. అందుకే నమ్మకమైన ప్రతితో పోల్చకుండా తీర్పు చెప్పకూడదు.

తర్వాత చూడాల్సింది పదార్థం. అమెరికా సింగిల్స్ చాలావాటిని వినైల్‌తో కాక, స్టైరీన్ అనే మరో ప్లాస్టిక్‌ను కరిగించి అచ్చులోకి ఎక్కించి చేశారు. వినైల్‌లో లేబుల్ రికార్డుతో కలిసి అచ్చులో నొక్కుకుపోతుంది. స్టైరీన్ మీద సాధారణంగా తర్వాత జిగురుతో అంటిస్తారు. గోటితో తడితే స్టైరీన్ కాస్త సన్నగా మోగుతుంది. వంచి చూడొద్దు, పెళుసు కాబట్టి పుటుక్కున విరుగుతుంది. స్టైరీన్‌గా మాత్రమే వచ్చిందని తెలిసిన రికార్డు వినైల్‌లో ఎదురైతే అది తర్వాతి ప్రతే. ఇక చెవితో పట్టే ఆనవాలు ఒకటుంది: కొత్తగా మెరిసే రికార్డులో పాట మొదలవగానే అరిగిపోయిన చిటపటలు వినిపిస్తే, అవి మీ ముల్లు చేస్తున్నవి కావు, నకలు తీసిన రోజు అసలు రికార్డు చేసినవి. లేబుల్ మీది చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటే ఫొటో తీసి వేసిన అచ్చు కావొచ్చు.

స్టైరీన్ రికార్డును డీజేలు పాడుచేసేది ఎక్కువగా పాట మొదటి సెకన్లలో. పాట మొదలయ్యే చోటు పట్టుకోవడానికి ముల్లు దించి ముందుకూ వెనక్కూ తిప్పుతారు. వినైల్ కొంత ఓర్చుకుంటుంది, స్టైరీన్ ఓర్చుకోదు. ఆ చోట గాడి తెల్లబడి, పాట ఎప్పుడు వేసినా బుస్సుమనే రొదతో మొదలవుతుంది. గుండ్రని మొన ముల్లు వాడాలి. బరువు కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచే భాగం) తయారీదారు చెప్పిన పరిధిలోనే ఉండాలి. మరీ తక్కువ పెడితే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా ఎక్కువ గీరుతుంది. అమెరికా సింగిల్‌కు నడుమ రంధ్రం 38 మిల్లీమీటర్లు. దాన్ని పూడ్చడానికి ప్లాస్టిక్ బిళ్లను బలవంతంగా నొక్కితే స్టైరీన్ అక్కడినుంచే చీలుతుంది. ప్లేయరు మీద వదులుగా కూర్చునే అడాప్టరు వాడటం మేలు.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడుల వెంబడి తుడిచి, మళ్లీ ఉత్త నీటితో తుడవాలి. అంటించిన లేబుల్ తడిస్తే ఊడొస్తుంది. స్పిరిట్ జోలికి పోవద్దు. మన ఇళ్లలో తాతల నాటి గ్రామఫోన్ ప్లేట్లు ఉన్నవాళ్లకు ఈ మాట రెట్టింపుగా వర్తిస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేట్లలో లక్క ఉంటుంది, స్పిరిట్ దాన్ని కరిగించేస్తుంది. ఏ రికార్డునైనా నిలువుగానే పెట్టాలి. మన ఎండాకాలంలో మూసిన కారులో మాత్రం వదలకూడదు.

ఫ్రాంక్ విల్సన్ గాయకుడిగా కొనసాగలేదు. మోటౌన్‌లోనే నిర్మాతగా స్థిరపడి, ఫోర్ టాప్స్, సుప్రీమ్స్ లాంటి బృందాలకు పాటలు చేసి, తర్వాత మత ప్రబోధకుడై, 2012లో కన్నుమూశాడు. 1979లో బ్రిటన్‌లో మోటౌన్ లేబుల్ ‘టామ్లా మోటౌన్’ ఆ పాటను టీఎంజీ 1170 నంబరుతో అధికారికంగా వెలువరించింది. ఆ ప్రతి లక్షలు పలకదు. కానీ దాని లేబుల్ మీద ఎడ్డీ ఫోస్టర్ లేడు, ఫ్రాంక్ విల్సన్ అనే ఉంది.