యూదుల మెస్సీయ నిరీక్షణ: నా క్లాసులో ఎప్పుడూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పశ్చిమాసియాలో బాంబులు పడ్డ ప్రతిసారీ నాకు పాత విద్యార్థుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, యూదుల మెస్సీయ వచ్చే టైమ్ దగ్గరపడిందట కదా?" అని. 2023 అక్టోబరు తర్వాత కొన్ని వారాలు అవి ఆగనే లేదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన లెక్కలు, ఫలానా ఏడాది, ఫలానా పండుగ రోజు అంటూ. నేను మతాల చరిత్ర బోధిస్తాను. యూదురాలిని కాను. కానీ చాలా ఏళ్లుగా ఆ గ్రంథాలు చదువుతూ, చెబుతూ ఉన్నాను కాబట్టి ఈ ఎదురుచూపు గురించి మన దగ్గర తిరిగే మాటలు వింటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఇంత లోతైన విషయాన్ని జాతకం చూసినట్టు చూస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మెస్సీయ అంటే దైవం దిగిరావడం అని యూదులు కూడా నమ్ముతారు.

వాస్తవం: హీబ్రూలో 'మషీయహ్' అంటే అభిషేకం పొందినవాడు, అంతే. తల మీద నూనె పోసి రాజునో యాజకుణ్నో నియమించేవాళ్లు. ఇశ్రాయేలు తొలి రాజులు సౌలుకు, దావీదుకు సమూయేలు ప్రవక్త చేసింది ఆ అభిషేకమే. యెషయా గ్రంథం 45వ అధ్యాయం మొదటి వచనం తెరిచి చూడండి. అక్కడ ఈ మాట కోరెషుకు వాడారు. ఆయన పారసీక రాజు, యూదుడు కూడా కాదు. బబులోను చెరలో ఉన్నవాళ్లను ఇంటికి వెళ్లనిచ్చాడు కాబట్టి ఆ గౌరవం దక్కింది.

తర్వాతి కాలంలో ఈ మాట దావీదు వంశంలో రాబోయే ఒక రాజుకు స్థిరపడింది. ఆయన మనిషి. 12వ శతాబ్దపు పండితుడు మోషే బెన్ మైమోన్ (అందరూ రంబామ్ అంటారు) అయితే ఇంకా స్పష్టంగా చెప్పాడు. మెస్సీయ అద్భుతాలు చేసి చూపించాల్సిన పని లేదు, ఆయన కూడా ఒకనాడు చనిపోతాడు, ఆయన కొడుకు రాజ్యం ఏలతాడు అని. క్రైస్తవులు ఇదే మాటకు వేరే అర్థం ఇచ్చుకున్నారు, అది వారి విశ్వాసం. ఒకే మాట ఉంది కదా అని ఒకరి అర్థాన్ని ఇంకొకరి నోట్లో పెట్టకూడదు. మా క్లాసులో సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

అపోహ: మెస్సీయ ఏ సంవత్సరం వస్తాడో లెక్క కట్టడమే వాళ్ల భక్తి.

వాస్తవం: దీని మీద కాస్త ఎక్కువ సేపు మాట్లాడాలి. లెక్కలు కట్టినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ యూదు మతగురువుల (రబ్బీల) చర్చలను కూర్చిన గ్రంథం తాల్ముద్‌లో సన్హెద్రిన్ అనే భాగంలో వాళ్లకు ఒక శాపం ఉంది: "అంత్యకాలాన్ని లెక్కగట్టేవాళ్ల ఎముకలు కుళ్లిపోవాలి." ఎందుకింత కోపం? ఆ తేదీ వచ్చి, మెస్సీయ రాకపోతే, జనం ఇక ఎన్నటికీ రాడని నిరాశపడిపోతారు కాబట్టి. అదే చోట ఇంకో మాట ఉంది. తెలియకుండా వచ్చేవి మూడట: మెస్సీయ, దారిలో దొరికే వస్తువు, తేలు.

ఈ కోపం పుస్తకాల్లోంచి పుట్టలేదు. దెబ్బలు తిని పుట్టింది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టారు. అరవై ఏళ్ల తర్వాత, 132లో, షిమోన్ అనే వీరుడు హాడ్రియన్ చక్రవర్తి మీద తిరగబడ్డాడు. ఆ కాలపు మహా పండితుడు రబ్బీ అకీవా అతన్ని చూసి "ఈయనే మెస్సీయ రాజు" అన్నాడు. బర్ కోఖ్బా, అంటే నక్షత్ర పుత్రుడు, అనే పేరు అతనికి నిలిచిపోయింది. అప్పుడు ఇంకో రబ్బీ అన్న మాటను గ్రంథాలు దాచిపెట్టలేదు: "అకీవా, నీ దవడల మీద గడ్డి మొలుస్తుంది, దావీదు కుమారుడు అప్పటికీ రాడు."

135లో బేతార్ కోట పడిపోయింది. 985 ఊళ్లు నాశనమయ్యాయని, యుద్ధంలోనే 5,80,000 మంది చనిపోయారని రోమ్ చరిత్రకారుడు డియో రాశాడు. అకీవాను రోమన్లు చిత్రహింసలు పెట్టి చంపారు. నక్షత్ర పుత్రుణ్ని తర్వాతివాళ్లు బర్ కోజీబా అన్నారు, అంటే అబద్ధపు పుత్రుడు.

1960-61లో యూదయ ఎడారి గుహల్లో తవ్వితే ఈ షిమోన్ రాయించిన ఉత్తరాలు దొరికాయి. ఒకదాంట్లో, రెండు గాడిదలను పంపుతున్నాను, పర్ణశాలల పండుగకు ఖర్జూర మట్టలు, దబ్బపండ్లు ఎక్కించి దండు విడిదికి పంపండి అని ఉంది. చుట్టూ రోమ్ సైన్యం ఉండగా పండుగ సామాను గురించి ఆరాటపడ్డాడు. ఇది చదివినప్పటి నుంచి అతన్ని అబద్ధపు పుత్రుడు అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో దెబ్బ పదిహేను వందల ఏళ్ల తర్వాత తగిలింది. 1648లో ఉక్రెయిన్ ప్రాంతంలో మొదలైన ఊచకోతల్లో వేల కుటుంబాలు పోయాయి. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉండగానే, 1665లో, ఇజ్మీర్‌కు చెందిన షబ్బతాయ్ జ్వీ అనే వ్యక్తే మెస్సీయ అని గాజాలో నాథన్ అనే యువకుడు ప్రకటించాడు. యెమెన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా జనం ఊగిపోయారు. జర్మనీలో ఒక ముసలాయన, ఇక పవిత్రభూమికి ప్రయాణమే అనుకుని, బట్టలు, బఠాణీలు, ఎండు మాంసం, ఎండు పండ్లు రెండు పెద్ద పీపాల్లో నింపి హాంబుర్గ్‌లో కొడుకు ఇంటికి పంపాడు. ఆ ఇంటి కోడలు తర్వాత తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాసుకుంది. ఏడాది దాటాక, తిండి కుళ్లి బట్టలు పాడవుతాయేమోనని పీపాలు విప్పి తినే వస్తువులు తీసేయమన్నాడు మామగారు. పీపాలు మాత్రం మూడేళ్లు అలాగే ఉన్నాయి. అసలు 1666 సెప్టెంబరులోనే, ప్రాణమా మతమా అని ఒట్టోమన్ (టర్కీ) సుల్తాను దర్బారులో అడిగితే, షబ్బతాయ్ ఇస్లాం తీసుకున్నాడు. ఆ కబురు వచ్చాక కూడా ఆ ముసలాయన మనసు పీపాలు ఖాళీ చేయడానికి ఒప్పుకోలేదు. పాఠంలో ఈ భాగం దగ్గర క్లాసు ఎప్పుడూ నిశ్శబ్దమైపోతుంది.

వాట్సాప్‌లో తేదీలు పంపేవాళ్లకు నేను ఈ పీపాల కథే పంపుతాను.

అపోహ: కష్టాలు పెరిగితే మెస్సీయ దగ్గరపడతాడు కాబట్టి యూదులకు కష్టాలు శుభసూచకం.

వాస్తవం: "మెస్సీయ పురిటినొప్పులు" అనే మాట వాళ్ల గ్రంథాల్లో ఉంది. ఆయన రాకకు ముందు లోకం అల్లాడిపోతుందని అర్థం. కానీ ఆ నొప్పులను ఎవరూ కోరుకోలేదు. "ఆయన రానీ, కానీ ఆ రోజులు నేను చూడకుంటే చాలు" అని తాల్ముద్‌లో పెద్ద పెద్ద రబ్బీలే అన్నారు.

యెరూషలేము తాల్ముద్‌లో ఒక కథ ఉంది. ఒక యూదు రైతు పొలం దున్నుతుంటే ఎద్దు అరిచింది. దారిన పోతున్న అరబ్బు ఒకాయన ఆ అరుపు విని, "నాగలి విప్పెయ్యి, మీ ఆలయం కూలిపోయింది" అన్నాడు. ఎద్దు మళ్లీ అరిచింది. "నాగలి కట్టు, మీ మెస్సీయ పుట్టాడు" అన్నాడు. బిడ్డ పేరు మెనహేమ్, అంటే ఓదార్చేవాడు. ఆ రైతు ఎద్దునూ నాగలినీ అమ్మేసి, పసిపిల్లల బట్టలు మూటగట్టుకుని ఊరూరా తిరుగుతూ ఆ తల్లిని వెతికాడు. తీరా దొరికాక ఆమె బట్టలు కొననంది. వీడు పుట్టిన రోజే ఆలయం పోయింది అని బాధపడింది. తర్వాత రైతు మళ్లీ వస్తే, సుడిగాలి వచ్చి బిడ్డను తన చేతుల్లోంచి ఎత్తుకుపోయిందని చెప్పింది.

ఆలయం పోయిందని ఏటా తిషా బాఆవ్ నాడు ఉపవాసం ఉండి, నేల మీద కూర్చుని విలాపవాక్యాలు చదువుతారు. ఈ కథ ప్రకారం మెస్సీయ పుట్టినరోజు కూడా అదే. కష్టం మంచిదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కష్టం వచ్చిన రోజే ఓదార్పు కూడా పుట్టిందని, కానీ అది ఇంకా చేతికి అందలేదని అంటున్నారు.

అపోహ: ఎదురుచూడటం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం.

వాస్తవం: ఆలయం కూలిన కాలంలో బతికిన రబ్బాన్ యోహనాన్ బెన్ జక్కాయ్ మాట ఒకటి ఉంది. నీ చేతిలో మొక్క ఉండగా "మెస్సీయ వచ్చాడు" అని ఎవరైనా చెబితే, ముందు మొక్క నాటు, తర్వాత వెళ్లి ఆయన్ను ఎదుర్కో.

తాల్ముద్ ఇంకో చోట మెస్సీయ ఎక్కడుంటాడో చెబుతుంది. రోము నగరద్వారం దగ్గర, రోగులైన పేదల మధ్య కూర్చుని ఉంటాడట. మిగతావాళ్లు కట్లన్నీ ఒకేసారి విప్పి మళ్లీ కట్టుకుంటుంటే, ఆయన మాత్రం ఒక్కో పుండు కట్టు విప్పి, కట్టి, తర్వాత ఇంకోటి విప్పుతాడట. పిలుపు వస్తే ఆలస్యం కాకూడదని. రబ్బీ యెహోషువ వెళ్లి "ఎప్పుడొస్తావు?" అని అడిగితే "ఈ రోజే" అన్నాడు. రాలేదు. రబ్బీ బాధపడితే ఏలీయా ప్రవక్త అర్థం చెప్పాడు: కీర్తనలో ఉన్నట్టు, "ఈ రోజే, మీరు ఆయన మాట వింటే."

రోజువారీ జీవితంలో ఈ నిరీక్షణ ఎలా ఉంటుందంటే, మామూలు రోజుల్లో మూడు పూటలా చేసే అమీదా ప్రార్థనలో దావీదు చిగురును, అంటే ఆ వంశపు రాజును, మొలిపించమని అడుగుతారు. అడిగి పనిలోకి పోతారు. 1172లో యెమెన్ యూదులను మతం మార్చుకోమని ఒత్తిడి చేస్తుంటే, మధ్యలో ఒకడు నేనే మెస్సీయ దూతనని లేచాడు. వాళ్లు ఈజిప్టులో ఉన్న రంబామ్‌ను సలహా అడిగారు. ఆయన కూడా చిన్నప్పుడు ఇలాంటి హింసకే స్పెయిన్‌లో సొంత ఊరు వదిలినవాడు. ధైర్యం చెప్పాడు, లెక్కలు కట్టొద్దన్నాడు, ఆ మనిషిని నమ్మొద్దన్నాడు. అదే ఉత్తరంలో, ప్రవచనం మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తమ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే సంవత్సరం ఒకటి కూడా చెప్పాడు! భయపడుతున్నవాళ్లకు వట్టి చేతులతో జవాబు రాయలేకపోయాడని నేను అనుకుంటాను. అందుకు ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు.

అపోహ: ఈ విషయంలో యూదులందరిదీ ఒకే మాట.

వాస్తవం: కాదు. హిజ్కియా రాజు కాలంలోనే ఆ అవకాశం అయిపోయింది, ఇక మెస్సీయ లేడు అన్న రబ్బీ తాల్ముద్‌లోనే ఉన్నాడు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు, కానీ ఆయన మాటను కొట్టేయకుండా ఉంచారు. 1885లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సంస్కరణవాద రబ్బీలు ఒక మనిషి కోసం కాకుండా సత్యం, న్యాయం, శాంతి నిండిన కాలం కోసం ఎదురుచూస్తామని ప్రకటించారు. 1994లో చనిపోయిన లుబావిచ్ అనే సంప్రదాయ శాఖ గురువే (రెబ్బే) మెస్సీయ అని నమ్మే అనుచరులు కొందరు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది కాబట్టి నిరీక్షణ ముగిసింది.

వాస్తవం: ఆ దేశాన్ని కట్టిన నాయకుల్లో ఎక్కువమంది మతాచారాలు పాటించని వాళ్లు. "మా విమోచనకు తొలి చిగురు" అని దేశం కోసం చేసే ప్రార్థనలో చెప్పుకునేవాళ్లు ఒకవైపు ఉంటే, మెస్సీయ రాకముందే రాజ్యం కట్టడం తప్పు అనే సత్మార్ లాంటి సంప్రదాయ వర్గాలు ఇంకోవైపు ఉన్నాయి. టీవీ చర్చల్లో ఇదేమీ వినిపించదు.

అపోహ: నిజమైన విశ్వాసి ఎంత కష్టంలోనైనా సందేహించడు.

వాస్తవం: "నేను నమ్ముతున్నాను, ఆయన ఆలస్యం చేసినా ప్రతిరోజూ ఎదురుచూస్తాను" అనే పాటకు నాజీల మరణశిబిరం ట్రెబ్లింకాకు పోయే రైల్లో ఒక హసీద్ (భక్తిమార్గపు యూదు) గాయకుడు రాగం కట్టాడని చెప్పుకుంటారు. ఈ కథ అందరికీ ఇష్టం. నేను క్లాసులో దీంతో పాటు ఇంకొకరి గురించి కూడా చెబుతాను.

రబ్బీ కలోనిమస్ కల్మన్ షపీరా నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా గెట్టోలో ఉండేవాడు. 1939 సెప్టెంబరు బాంబుదాడుల్లో కొడుకు, కోడలు పోయారు. అయినా 1942 వేసవి దాకా విశ్రాంతిదినాల్లో, పండుగల్లో ప్రసంగాలు చేసి, వాటిని రాసి పెట్టుకున్నాడు. 1941 హనుక్కా (దీపాల పండుగ) ప్రసంగంలో, మన పూర్వికులు ఆలయం కూలడం చూశారు, బేతార్ చూశారు, ఇప్పుడు మన విశ్వాసం ఎందుకు సడలాలి అని అడిగాడు. 1942 వేసవిలో సుమారు 2,65,000 మందిని వార్సా నుంచి ట్రెబ్లింకాకు తీసుకెళ్లారు. ఆ ఏడాది చివర్లో తన పాత ప్రసంగం కింద ఆయన ఒక గమనిక రాశాడు: 1942 మధ్య వరకే ఆ మాట చెల్లుతుంది, తర్వాత జరిగినలాంటిది మునుపెన్నడూ లేదు అని. తన పాత మాటను తనే వెనక్కి తీసుకున్నాడు, ప్రార్థన మానలేదు. కాగితాలను పాల క్యాన్‌లో పెట్టి భూమిలో పాతారు. 1943లో నాజీలు ఆయన్ను చంపేశారు. 1950లో శిథిలాల కింద క్యాన్ దొరికింది.

మనకు బాగా దూరపు సంగతి అనుకునేవాళ్లకు ఒక మాట. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము ఎఫ్రాయీము గోత్రం వాళ్లమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకు ప్రార్థనా మందిరం కూడా ఉంది. మహారాష్ట్ర తీరంలోని బెనే ఇజ్రాయెల్ యూదులు మెస్సీయకు ముందు వచ్చే ఏలీయా ప్రవక్త పేరు మీద అటుకులు, కొబ్బరికోరు, పంచదార, పండ్లతో 'మలీదా' చేసి పంచుకుంటారు. పెళ్లి కుదిరినా, మొక్కు తీరినా.

పస్కా పండుగ రాత్రి కూడా ఏలీయా కోసం ఒక గిన్నె ద్రాక్షారసం నింపి, వీధి తలుపు తీసి పెడతారు. "తలుపు తీస్తే ఎవరూ కనిపించరు కదా మేడమ్, అప్పుడేం చేస్తారు?" అని ఒక అమ్మాయి అడిగింది. తలుపు వేసి, కూర్చుని, మిగిలిన స్తుతి కీర్తనలు పాడతారు. ఆఖర్న "వచ్చే ఏడాది యెరూషలేములో" అంటారు. యెరూషలేములో ఉన్నవాళ్లు కూడా అంటారు.