పసిబిడ్డ బరువు, పెద్దల సీసా

అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మన మందుల దుకాణాల్లో 2 ఎంఎల్ సీసాలోనే 100 మిల్లీగ్రాములుగానూ, 500 మిల్లీగ్రాములుగానూ దొరుకుతుంది. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 3.2 కిలోల శిశువుకు ఇవ్వవలసింది 48 మిల్లీగ్రాములు. చిన్న మోతాదు సీసా నుంచి అయితే 0.96 ఎంఎల్, పెద్దదాని నుంచి అయితే సుమారు 0.19 ఎంఎల్ తీయాలి. అర్ధరాత్రి డ్యూటీలో ఒక సీసాకు బదులు మరొకటి చేతికి వస్తే, అదే 0.96 ఎంఎల్‌లో 240 మిల్లీగ్రాములు, అంటే ఐదు రెట్ల మందు బిడ్డ నరంలోకి వెళ్తుంది. దశాంశ బిందువు ఒక స్థానం జరిగి 0.19 కాస్తా 1.9 అయితే దాదాపు పది రెట్లు వెళ్తుంది. పెద్దవారికి పది రెట్లు ఇవ్వాలంటే సీసా తరువాత సీసా తెరవాలి కాబట్టి ఎవరో ఒకరు ఆగి ఆలోచిస్తారు. పసిబిడ్డకు పది రెట్లు ఒక్క సీసాలోనే సరిపోతుంది. నా దృష్టిలో పసిబిడ్డల మోతాదు పొరపాట్లకు మూలం ఇదే.

ఒకప్పుడు పిల్లల మోతాదును వయసుతోనే కొలిచేవారు. బిడ్డ వయసును, ఆ వయసుకు 12 కలిపిన సంఖ్యతో భాగించి, పెద్దల మోతాదులో అంత భాగం ఇవ్వాలన్నది యంగ్ సూత్రం. దాని ప్రకారం రెండేళ్ల బిడ్డకు పెద్దవారి మోతాదులో ఏడో వంతు వస్తుంది. క్లార్క్ సూత్రం బరువును లెక్కలోకి తెచ్చింది. అయినా రెండింటి వెనుకా ఉన్న నమ్మకం ఒక్కటే: బిడ్డ అంటే చిన్న పరిమాణంలో ఉన్న పెద్దమనిషి.

ఆ నమ్మకం నెలలు నిండని శిశువుల ప్రాణాల మీదికి వచ్చింది. 1956లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఇన్ఫెక్షన్ రాకుండా పెన్సిలిన్‌తో పాటు సల్ఫా మందు ఇచ్చిన శిశువుల్లో మరణాలు ఎక్కువగా కనిపించాయి. రక్తంలో ప్రోటీన్‌కు అంటిపెట్టుకుని ఉండే, కామెర్లు కలిగించే పసుపు పదార్థమైన బిలిరుబిన్‌ను సల్ఫా తొలగించడంతో అది మెదడుకు చేరిందని తరువాత తేలింది. 1959లో లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన నివేదిక ఇంకా బాధాకరం. క్లోరాంఫెనికాల్ ఇచ్చిన నెలలు నిండని శిశువుల్లో సగానికి మించి చనిపోగా, ఏ యాంటీబయాటిక్ ఇవ్వనివారిలో మరణాలు దాదాపు ఐదో వంతు మాత్రమే. పొట్ట ఉబ్బి, ఒళ్లు బూడిద రంగుకు తిరిగి, రక్తపోటు పడిపోయే ఆ స్థితికే గ్రే బేబీ సిండ్రోమ్ అని పేరు వచ్చింది. ఆ శిశువుల కాలేయం మందును మార్చి బయటికి పంపే శక్తిని ఇంకా సంతరించుకోలేదు, మూత్రపిండాలూ అంతే. కిలోల లెక్క ఒక్కటే చాలదని, పుట్టి ఎన్ని రోజులైందో, ఎన్ని వారాలకు పుట్టిందో కూడా చూడాలని వైద్యులు నేర్చుకున్నది అక్కడే. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల మొదలైన 1960 నాటికి ఈ పాఠానికి ఏడాది వయసు మాత్రమే.

మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి మొదటిది. ఎందరి ప్రాణాలో నిలిపిన ఆ కుటుంబమే, ఎదిగే పళ్లలోని కాల్షియంతో కలిసి శాశ్వతంగా మరక వేస్తుందని తరువాత తెలిసి, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా వాడకుండా పక్కన పెట్టారు. పిల్లల్లో పరీక్షించకుండానే పిల్లలకు వాడే మందులు పేరుకుపోతున్న ఈ స్థితిని చూసి, హ్యారీ షిర్కీ అనే వైద్యుడు 1963లో పిల్లలను చికిత్సా అనాథలని పిలిచారు.

నరం ద్వారా ఇచ్చే మందులో వేగానికీ, తోడుగా ఎక్కే ద్రవానికీ కూడా లెక్క ఉంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనీసం గంటసేపు నెమ్మదిగా ఎక్కించకపోతే ఒళ్లు ఎర్రబడి రక్తపోటు పడిపోవచ్చు. సెఫ్‌ట్రయాక్సోన్ అనే మరో యాంటీబయాటిక్ కాల్షియంతో కలిస్తే గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. నవజాత శిశువుల మరణాల తరువాత 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరిక ఇచ్చింది. మనం రోజూ వాడే రింగర్ లాక్టేట్ సెలైన్‌లోనూ కాల్షియం ఉంటుంది కాబట్టి, 28 రోజులలోపు బిడ్డకు నరం ద్వారా కాల్షియం ఉన్న ద్రవం ఎక్కిస్తుంటే ఆ మందు ఇవ్వకూడదు.

ఇంత తెలిసినా పొరపాటు తగ్గలేదు. పిల్లల వార్డుల్లో హాని చేయగలిగిన మందుల పొరపాట్లు పెద్దల కంటే మూడు రెట్లు ఎక్కువని 2001లో ఒక అధ్యయనం చూపింది. శాస్త్రం మోతాదును కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పి ఆగిపోగా, దాన్ని ఎంఎల్‌లోకి మార్చే గుణకారం, భాగహారం మంచం పక్కన నిలబడిన నర్సుకే మిగిలాయి. అందుకే ఇద్దరు విడివిడిగా లెక్క కట్టి సరిచూసుకోవడం, సిరంజి మీద మందు పేరు, మోతాదు అంటించడం నేటి మంచి వార్డుల్లో నియమం.

పలమనేరు, కుప్పం, సత్యవేడు వైపు నుంచి జ్వరంతో, ఫిట్స్‌తో పసిబిడ్డను ఎత్తుకుని తిరుపతి దాకా వచ్చే తల్లిదండ్రులకు ఈ లెక్క మరో రూపంలో ఎదురవుతుంది. పంపిన చీటీలో యాంటీబయాటిక్ ఇచ్చామని మాత్రమే ఉండి, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకు, అప్పటి బరువు ఎంత అన్నవి లేకపోతే, ఇక్కడి డాక్టరు జెంటామైసిన్ మళ్లీ ఇవ్వాలో ఆగాలో ఊహించుకోవలసి వస్తుంది. రోజుకు ఒకసారి ఇవ్వవలసిన ఆ మందు గంటల తేడాతో రెండుసార్లు పడితే మూత్రపిండాలకూ వినికిడికీ ముప్పు పెరుగుతుంది. ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు ఆ నాలుగు వివరాలు రాయించి చేతిలో పెట్టుకోమని తల్లికి చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది.