లేకాక్ వెళ్తున్నారా? పబ్ గుమ్మం దగ్గర ఆగిపోకండి

లండన్, రెడింగ్ నుంచి మన కుటుంబాలను ఒకరోజు ట్రిప్పులకు తీసుకెళ్ళడం నా పని. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారంటే చాలామంది విల్ట్‌షైర్‌లోని లేకాక్ అనే పాతకాలపు పల్లెటూరు చూపించమంటారు. వెంటనే ఒక టెన్షన్: "భోజనం పబ్‌లోనటగా అండీ, నాన్నగారిని ఎలా తీసుకెళ్ళడం?"

అపోహ: పబ్ అంటే మందు కొట్టే చోటు, పిల్లాపాపలతో వెళ్ళకూడదు.

వాస్తవం: పల్లెటూరి ఇన్ మన సత్రం లాంటిది. దారిన పోయేవాళ్ళకు తిండి, పడక, గుర్రాలకు గడ్డి దొరికిన చోటు. భోజనం పెట్టే పబ్బుల్లో చాలావరకు పెద్దవాళ్ళతో పిల్లల్ని రానిస్తాయి. నిమ్మరసమో, టీయో చెప్పి కూర్చోవచ్చు. మందు ఆర్డర్ చేయకపోతే లేపేస్తారన్నది వట్టి పుకారు.

ఆ పుకారును వాట్సాప్‌లో నమ్మిన ఒక షుగరున్న పెద్దాయన, జోరువానలో "మీరు తినేసి రండి, నేను కార్లో ఉంటా" అని బిస్కెట్ ప్యాకెట్ విప్పారు. ఇలాంటివి ఫార్వర్డ్ చేసేవాళ్ళకు పోయేదేముంది? కడుపు మాడేది ఈయనకు. బతిమాలి జార్జ్ ఇన్‌లోకి తీసుకెళ్ళాను. 1361 నాటిదని చెప్పే ఇన్ అది. వేడి సూపు, బ్రెడ్డు తిన్నాక ఆయన ప్రాణం కుదుటపడింది. పొయ్యి దగ్గరున్న చక్రం చూపించాను. పూర్వం పొట్టికాళ్ళ కుక్కను అందులో నడిపిస్తే, మాంసం గుచ్చిన ఊచ నిప్పు మీద తిరిగేది. ఆయన గానుగ ఉన్న ఇంట్లో పెరిగారట. "కుక్కను ఎంతసేపటికి మార్చేవాళ్ళో" అంటూ దాన్ని వదల్లేదు.

అసలు భయపడాల్సింది టైము గురించి. చాలాచోట్ల మధ్యాహ్నం రెండున్నర, మూడుకల్లా వంటగది కట్టేస్తారు, మళ్ళీ సాయంత్రమే. పెద్దవాళ్ళుంటే పన్నెండున్నరకల్లా కూర్చోండి. శాకాహారులైతే చిప్స్ వేయించే నూనెలోనే చేప కూడా వేయిస్తారేమో అడగండి, మొహమాటపడొద్దు.

ఊళ్ళోకి టికెట్టా? లేదు. టికెట్ లేకాక్ ఆబీకి, అంటే ఊళ్ళోని పాత మఠం భవనానికి. ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన ఫాక్స్ టాల్బట్ 1835లో ఏ కిటికీని ఫొటో నెగటివ్‌గా తీశారో, ఆ కిటికీ అందులోనే ఉంది, తప్పక చూడండి.

ఊరంతా సినిమా సెట్టింగా? కాదు. 1944లో ఊరి యజమానురాలు మటిల్డా టాల్బట్ దాన్ని నేషనల్ ట్రస్ట్‌ అనే, పాత కట్టడాలను కాపాడే సంస్థకు ఇచ్చేశారు, కానీ ఆ ఇళ్ళలో జనం అద్దెకు కాపురముంటున్నారు. కిటికీల్లోంచి తొంగిచూసి ఫొటోలు తీయకండి.

కారు ఊరి బయట పార్కింగ్‌లో పెట్టండి. ఆదివారమైతే టేబుల్ ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోండి.