గ్యాస్ కాదు పెద్దమ్మా

తెల్లవారుజామున మూడింటికి మా పెద్దమ్మ లేచి జీలకర్ర నీళ్ళు కాచుకుని తాగింది. దవడ లాగేస్తోంది, రెండు రెక్కల మధ్య బండ పెట్టినట్టుంది, జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. అయినా ఎవర్నీ లేపలేదు. ఆరింటికి పాలు కాచి, పెదనాన్నకి కాఫీ ఇచ్చాక అప్పుడు చెప్పింది, "కాస్త గ్యాస్ పట్టేసినట్టుందండీ" అని. ఊళ్ళో ఆర్ఎంపీ కూడా గ్యాస్‌కే ఇంజెక్షన్ చేశాడు. పదకొండింటికి టౌన్లో ఈసీజీ తీస్తే తేలింది, గుండెపోటని. బతికింది. కానీ గుండె కండరంలో కొంత దెబ్బతింది. ఇప్పుడు మేడ ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చుంటుంది.

ఆడవాళ్ళ గుండెపోటులోనూ ఛాతీలో నొప్పి, బరువే ఎక్కువగా కనిపిస్తాయి. కాకపోతే దాంతోపాటు ఆయాసం, వికారం, చల్లచెమట, వీపు, మెడ, దవడ నొప్పి, ఎందుకో తెలియని నీరసం మగవాళ్ళలోకంటే ఎక్కువ. ఒక్కోసారి ఛాతీలో నొప్పే ఉండదు. ఆడవాళ్ళు తమకొచ్చింది మగవాళ్ళ జబ్బులాంటిదేనని నిరూపించుకుంటే తప్ప సమానమైన వైద్యం అందడం లేదని అమెరికా గుండె వైద్యురాలు బెర్నడిన్ హీలీ 1991లోనే రాశారు. మా ఊరికి ఆ మాట ఇంకా చేరలేదు.

పెద్దమ్మ విషయంలో నన్ను ఇప్పటికీ బాధించేది వేరే ఉంది. రెండో కాన్పులో ఆమెకి బీపీ బాగా పెరిగింది, మొహం, కాళ్ళు వాచాయి, మూత్రంలో ప్రోటీన్ పోయింది. కాన్పయ్యాక బీపీ దిగింది, అందరూ మర్చిపోయారు. ప్రీఎక్లాంప్సియా అనే ఈ స్థితి వచ్చినవాళ్ళకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం దాదాపు రెట్టింపు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినా ప్రమాదం పెరుగుతుంది. ఆ తొమ్మిది నెలలూ గుండెకీ రక్తనాళాలకీ ఒక పరీక్ష. దాని ఫలితాన్ని మనం పాత కాగితాలతోపాటు పారేస్తున్నాం.

ఇక ముప్పై ఐదేళ్ళకే ఆమెకి గర్భసంచి తీసేశారు, దాంతోపాటు అండాశయాలు కూడా. రక్తనాళాలకి కొంత అండగా ఉండే ఈస్ట్రోజన్ ఆ రోజుతో దాదాపు ఆగిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. అవసరమై చేసే ఆపరేషన్లు ఉంటాయి, కాదనను. "పిల్లలు పుట్టేశారుగా, ఇక ఎందుకు" అని తీసేయడం మాత్రం ఘోరం. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్ళు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఏటా చూపించుకోవాలి.

పక్షవాతానికి అసలు కారణాల్లో పెద్దది బీపీయే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు వైద్యం కోసం ఊళ్ళు తిరగొద్దు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం గడ్డతో పూడుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని లెక్క. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. అదీ సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేలాకే ఇస్తారు. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యకూడదు, నీళ్ళు కూడా తాగించకూడదు. 108కి ఫోన్ చేసి, లక్షణం ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటొద్దు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ కలిస్తే ఒక్క పూటలోనే అది దాటిపోతుంది. పెద్దమ్మ ఆవకాయ మానలేదు, బద్ద సగం చేసింది.

ఆమె పర్సులో ఆధార్ కార్డు వెనకాల ఇప్పుడు మడతపెట్టిన కాగితం ఒకటుంది. కాన్పు బీపీ, ఆపరేషన్ చేసిన ఏడాది, వాడుతున్న మందులు అన్నీ తన చేత్తోనే రాసుకుంది. కోడలికి ఏడో నెల. పోయిన వారం చెకప్‌లో బీపీ 150 బై 96 వచ్చింది. ఆ చీటీ కూడా పెద్దమ్మే అడిగి తీసుకుని, తన కాగితం పక్కనే దాచింది.