అపోహలు - వాస్తవాలు: 224లో పోయింది సింహాసనమే, వంశాలు కావు

పోయిన నెలలో ఒక రాత్రి పొద్దుపోయాక ఫోను మోగింది. పరిశోధక విద్యార్థిని. గొంతు వణుకుతోంది. ఆమె పార్థియన్ వంశపు సేనాని బహ్రామ్ చోబిన్ సాసానీయ రాజు మీద చేసిన తిరుగుబాటు గురించి రాసిన అధ్యాయం అంచున పరీక్షకులు ఒకరు ఎర్ర సిరాతో "సాసానీయుల కాలంలో పార్థియన్లు ఎక్కడున్నారు?" అని రాశారట. "మేడమ్, మొత్తం కొట్టేసి మళ్లీ రాయాలా?" అని అడిగింది.

"వద్దమ్మా, నువ్వు రాసింది సరైనదే" అన్నాను. కానీ ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా ప్రాచీన ఇరాన్ చరిత్ర చెబుతున్నాను. అక్కడ ముందు పార్థియన్లు, తరువాత సాసానీయులు ఏలారు. ఇదే పొరపాటు ఏటా తిరిగి వస్తోంది, ఏటా ఎవరో ఒక పిల్లనో పిల్లవాడినో ఇలా భయపెడుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: క్రీ.శ. 224లో పార్థియన్లు అంతరించారు. ఆ తరువాత అంతా సాసానీయులే.

ఈ తప్పుకు మూలం మన పాఠ్యపుస్తకాల అధ్యాయాల విభజన. ఒక రాజవంశం ముగియగానే అధ్యాయం ముగుస్తుంది, తరువాతి పేజీలో కొత్త మనుషులు వస్తారు. కానీ 224లో హొర్మొజ్దగాన్ యుద్ధంలో తొలి సాసానీయ రాజు అర్దషీర్ చేతిలో పోయినవాడు పార్థియన్ రాజు నాలుగవ అర్తబానస్. అతనితో ఇరాన్‌లో అర్షకుల, అంటే పార్థియన్ రాజవంశపు ఏలుబడి పోయింది. సూరేన్, కారేన్, మిహ్రాన్ అనే పార్థియన్ ప్రభు వంశాలు పోలేదు. వాటి భూములు, కోటలు, గుర్రపు దళాలు వాటి దగ్గరే ఉన్నాయి. సూరేన్లకు సీస్తాన్, కారేన్లకు నహావంద్ ప్రాంతం, మిహ్రాన్లకు రే నగరం పట్టుగొమ్మలు. కవచధారులైన రౌతులు కావాలంటే కొత్త రాజు కూడా ఆ గుమ్మాలకే కబురు పంపాలి.

సాక్ష్యం అడుగుతారు, అడగాలి కూడా. నక్ష్-ఎ రుస్తమ్‌లో అర్దషీర్ కొడుకు మొదటి షాపూర్ వేయించిన శాసనం ఉంది. అందులో ఆస్థాన ప్రముఖుల జాబితా చదవండి. వరాజ్, సూరేన్, కారేన్ వంశాల పేర్లు కనిపిస్తాయి. ఆ శాసనం మూడు భాషల్లో ఉంది, వాటిలో ఒకటి పార్థియన్. పార్థియన్లు అంతరించి ఉంటే ఆ భాషలో చెక్కించడం ఎవరి కోసం? 293లో గద్దెనెక్కిన నర్సే కూడా పైకులీ శాసనాన్ని మధ్య పారశీకంతో పాటు పార్థియన్‌లోనూ వేయించాడు. ప్రముఖులు పిలిస్తేనే తాను వచ్చి సింహాసనం స్వీకరించానని అందులో చెప్పుకున్నాడు.

ఇక ఐదవ శతాబ్దానికి రండి. 484లో మధ్య ఆసియాకు చెందిన హెఫ్తలైట్లతో పోరులో సాసానీయ రాజు పేరోజ్ చనిపోయాక రాజ్యాన్ని నిలబెట్టినవాడు కారేన్ వంశపు సుఖ్రా. కొన్నేళ్లకు అతని బలం చూసి కవాద్ రాజుకే బెంగ పట్టుకుంది. అయితే అతన్ని అణచడానికి రాజు దగ్గర సొంత బలం చాలలేదు. రే నుంచి మిహ్రాన్ వంశపు షాపూర్‌ను రప్పించుకోవలసి వచ్చింది. సుఖ్రా గాలి ఆగిపోయింది, ఇక వీచేది మిహ్రాన్ గాలి అని అప్పుడు పుట్టిన సామెతను చరిత్రకారుడు తబరీ భద్రపరిచాడు. ఒక ఇంటిని దించాలంటే ఇంకో ఇంటి భుజం కావాలి. సాసానీయ రాజకీయం చాలా వరకు ఈ పద్ధతిలోనే నడిచింది.

ఆరవ శతాబ్దపు రాజు మొదటి ఖుస్రో సంస్కరణలతో ఇదంతా ముగిసిందని కొందరు వాదిస్తారు. భూములు కొలిపించాడు, పన్ను స్థిరపరిచాడు, చిన్న భూస్వాములను సైన్యంలోకి తెచ్చాడు, సేనాపతులైన నలుగురు స్పాహ్‌బెద్‌లను నాలుగు దిక్కులకు నియమించాడు. అదంతా నిజమే. ఆ నలుగురూ తరువాతివాళ్ల కల్పన అన్న పండితులూ ఉండేవారు. 2001లో ఆ సేనానుల మట్టి ముద్రలు ప్రచురితమయ్యాక ఆ అనుమానం తీరింది. వాటిలో కొన్నింటి మీద 'పహ్లవ్' (పార్థియన్) అని, కొన్నింటి మీద మిహ్రాన్ వంశమని స్పష్టంగా ఉంది. నేను మొదటిసారి ఒక ముద్ర ఫోటోను భూతద్దం కింద పెట్టుకుని 'పహ్లవ్' అన్న మాటను కూడబలుక్కుని చదివిన మధ్యాహ్నం నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడు శతాబ్దాల కింద 'అంతరించిన' మనుషులు తమ ముద్ర మీద తమ పేరు చెబుతున్నారు! గ్రంథాలయంలో పక్కన కూర్చున్న అపరిచితుడికి కూడా చూపించాను.

ఈ ఒక్క విషయం తప్పుగా పట్టుకుంటే తరువాత వచ్చేది ఏదీ అర్థం కాదు. 589లో రాజు నాలుగవ హోర్మిజ్ద్ మిహ్రాన్ వంశపు బహ్రామ్ చోబిన్‌ను అవమానించి పదవి నుంచి తీసేశాడు. బహ్రామ్ తిరగబడి కిరీటం పెట్టుకుని తన పేర నాణేలు వేయించాడు. హోర్మిజ్ద్‌ను దించి కళ్లు తీయించినవాళ్లు అతని సొంత బావమరుదులు, మరో పార్థియన్ వంశమైన ఇస్పాహ్‌బుధాన్ వంశపు విందూయి, విస్తాహ్మ్. వాళ్లు గద్దెనెక్కించిన మేనల్లుడే రెండవ ఖుస్రో. ఆ మేనల్లుడే తరువాత విందూయిని చంపించాడు, విస్తాహ్మ్ తిరగబడ్డాడు. 628లో ఖుస్రో పడిపోయాక అదే వంశపు ఫర్రుఖ్ హోర్మిజ్ద్‌ను రాణి ఆజర్మిదుఖ్త్ చంపిస్తే, అతని కొడుకు రుస్తమ్ సైన్యంతో వచ్చి పగ తీర్చుకున్నాడు. కొన్నేళ్లకు ఖాదిసియ్యాలో అరబ్బులను ఎదుర్కొని మరణించినది ఆ రుస్తమే. పహ్లవ్, పార్సీగ్ (పారశీక) వర్గాలు ఒకరి నెత్తురు ఒకరు కళ్లజూసిన తరువాత జరిగిన యుద్ధం అది. దీన్నంతా వదిలేసి "విలాసాల వల్ల పారశీకులు పతనమయ్యారు" అని జవాబు పత్రంలో రాస్తే మార్కులు ఎలా వేయను?

మిగిలినవి త్వరగా చెబుతాను.

అపోహ: పూర్వపు పారశీక రాజు దారియస్ నాటి ఏడు ప్రభు వంశాలే చివరిదాకా సాగాయి. కాదు. క్రీ.పూ. 522లో సింహాసనం ఆక్రమించిన గౌమాతను చంపడానికి దారియస్‌కు తోడు నిలిచిన ఆరుగురి పేర్లు బెహిస్తున్ శాసనంలో ఉన్నాయి. వారిలో సూరేన్ లేడు, కారేన్ లేడు. తరువాత 'ఏడు' అన్న అంకె గౌరవం కొద్దీ నిలిచింది, ఇళ్ల జాబితా మాత్రం గ్రంథానికొక రకంగా ఉంటుంది. వంశవృక్షాలు కలిపే ప్రయత్నంలో ఏడాది పోగొట్టుకున్న విద్యార్థులను చూశాను. దయచేసి మొదలుపెట్టకండి.

అపోహ: సూరేన్ ఒక మనిషి పేరు. కాదు, వంశనామం. క్రీ.పూ. 53లో కారే దగ్గర రోమన్ నాయకుడు క్రాసస్‌ను ఓడించిన సేనానిని మనం ఇంటిపేరుతోనే పిలుస్తున్నాం. రాజుకు కిరీటం పెట్టే హక్కు అతని వంశానిదని ప్లూటార్క్ రాశాడు. ఆ గెలుపు తరువాత ఈర్ష్యతో రాజు ఒరోదెస్ అతన్ని చంపించాడు.

అపోహ: మన పల్లవులు పహ్లవులే, అంటే పార్థియన్లే. ప్రతి ఉపన్యాసం చివర ఈ ప్రశ్న వస్తుంది. పేర్ల పోలికను మించిన గట్టి ఆధారం లేదు. పల్లవులు తమను భారద్వాజ గోత్రీకులుగా చెప్పుకున్నారు. పల్నాటి వైపు మంచికల్లులో దొరికిన సింహవర్మ ప్రాకృత శాసనంలో ఇరాన్ ప్రస్తావన లేదు. పహ్లవులు మన దేశంలో ఉన్న మాట మాత్రం వాస్తవం. గౌతమీపుత్ర శాతకర్ణిని నాసిక్ శాసనం శక యవన పహ్లవులను మట్టుబెట్టినవాడని పొగిడింది. జునాగఢ్‌లో సుదర్శన తటాకానికి గట్టు మళ్లీ కట్టించిన రుద్రదాముని అమాత్యుడు సువిశాఖుడు పహ్లవుడే. అతనికీ కంచి రాజులకీ చుట్టరికం చెప్పేవాళ్లను ముందు శాసనం చూపించమని అడుగుతాను.